నడుముల దవాఖానలో మా మంచం

మా బాపు నడుము విరిగేనాటికి నాకు పెళ్ళయి ఏడాది నిండలేదు. మా వైపు తండ్రిని బాపు అంటాం, తల్లిని అవ్వ అంటాం. అవ్వ అనగానే ముసలమ్మ అనుకుంటారేమో, అప్పటికి మా అవ్వ తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. మా ఆయన బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం గోదావరిఖని వైపు నుంచి వచ్చిన లారీ మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు మా బాపుకు తెలిసినవాడే. దిగకుండానే, "అక్కా, మీ బాపును బాయిలకెళ్ళి ఎత్తుకొచ్చిండ్రు. దవాఖానల ఉన్నడు, జల్ది రా" అన్నాడు. బాయి అంటే బొగ్గు గని. బతికున్నాడా అని అడగడానికి నాకు నోరు రాలేదు, అతనూ చెప్పలేదు. పొయ్యి మీది అన్నం దించి ఆ లారీలోనే ఎక్కి పోయాను.

బతికే ఉన్నాడు. ఆ రోజు అందరం ఆ మాట పదిసార్లు చెప్పుకుని దండాలు పెట్టుకున్నాం. తర్వాత తర్వాత ఆ మాట అనడం మానేశాం.

బాపు పని బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టడం. దిమ్మ ఎత్తుతుండగానే పైకప్పు పెళ్ళ విరిగి వీపు మీద పడింది. ఎవరి తప్పూ లేదన్నారు. నేనేమైనా కిందికి దిగి చూశానా, వాళ్ళు చెప్పిందే విన్నాను. నడుము కిందికి మనిషి లేడు. కాలు గిల్లితే తెలియదు, ఉచ్చ పోసుకుంటే తెలియదు. పెద్ద దవాఖానలో కొంతకాలం ఉంచుకుని, ఇక చేసేదేమీ లేదు, సేవ చేసుకోవడమే అని చెప్పి, ఊరి చివర ఉన్న నర్సింగ్ హోముకు పంపించారు.

బోర్డు మీద దాని పేరు ఏదో ఉండేది. ఖనిలో, అంటే గోదావరిఖనిలో, మాత్రం అందరూ దాన్ని నడుముల దవాఖాన అనేవారు. నడుము విరిగినవాళ్ళను తెచ్చి పడేసే చోటు అది. ఒక రిటైరయిన డాక్టరు పాత రేకుల షెడ్లు రెండు తీసుకుని నడిపేవాడు. ఆయన సాయంత్రం ఒకసారి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "అంతా బాగేనా" అని అడిగి పోయేవాడు. జవాబు వినేవరకు ఆగినట్టు నాకు గుర్తులేదు. ఆ రెండు షెడ్లకూ ఒకే నర్సు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. చెడ్డదని అనను. సూదులు వేయడం, గొట్టాలు మార్చడం, గుడ్డలు ఉడకబెట్టించడం, ఆయాలతో పోట్లాడటం, అన్నీ ఆమె ఒక్కతే. ఆయాలు పగటిపూట ఇద్దరుండేవారు. దుప్పటి మార్చమని అడిగితే, "మార్చినం గదనే పొద్దుగాల" అనేవారు. పొద్దున మార్చిన దుప్పటి మధ్యాహ్నానికి తడవకూడదని వాళ్ళ లెక్క.

అక్కడ రోగిని చూసుకునేది ఇంటివాళ్ళే. నర్సింగ్ హోమంటే నర్సులుంటారనుకుని వచ్చాం మేము. వచ్చిన మొదటిరోజే సిస్టరమ్మ అవ్వను పిలిచి, మనిషిని పక్కకు ఎట్లా తిప్పాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎట్లా పెట్టాలో చూపించింది. "తిప్పుతూ ఉండాలమ్మా. ఒకేవైపు పడుకోబెడితే ఒళ్ళు పుండ్లు పడుతుంది. నేనొక్కదాన్ని, ఇంతమందిని తిప్పలేను" అంది. అవ్వ పల్లెటూరి మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. దిండ్లు లేవంటే పాత చీరలు కుట్టి ఊక నింపి దిండ్లు చేసింది. మంచం కింద పొద్దునా సాయంత్రం తుడిచేది. బాపుకు తల దువ్వేది, గడ్డం గీయించేది. షెడ్డు వెనక మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వేడినీళ్ళు కాచుకునేది. మిగతా ఇళ్ళవాళ్ళూ అట్లాగే వెనక పొయ్యిలు పెట్టుకున్నారు. పొద్దున పూట అక్కడికి పోతే పెళ్ళి వంటలేమో అన్నంత పొగ ఉండేది.

నేను మా ఆయనకు చెప్పి అక్కడే ఉండిపోయాను. అత్తగారింట్లో గొణిగారు. గొణుక్కోనీ అనుకున్నాను.

మా మంచానికి మంచి పేరొచ్చింది. సిస్టరమ్మ కొత్తగా వచ్చినవాళ్ళను మా దగ్గరికి తీసుకొచ్చి, "ఈమెను చూసి నేర్చుకోండి" అనేది. అవ్వ సిగ్గుపడి కొంగు సర్దుకునేది. బాపు మంచం మీద పెద్దమనిషిలా పడుకుని అందరికీ దండం పెట్టేవాడు. ఆ పేరు వల్ల మాకు జరిగింది ఒకటే. మా మంచం దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. సిస్టరమ్మ పక్క మంచం దగ్గర ఆగేది, అవతలి మంచం దగ్గర ఆగేది, మా దగ్గరికి వచ్చేసరికి నవ్వి, "మీకేం, మీ ఇంటామె ఉందిగా" అని ముందుకు పోయేది. మేము దాన్ని గౌరవం అనుకున్నాం.

ఎంత తిప్పినా పుండు పడింది. నడుము కింద, కూర్చునే చోటికి కాస్త పైన. మొదట ఎర్రగా కందింది. అవ్వ వేపాకు ఉడికించిన నీళ్ళతో కడిగింది. తోలు ఊడింది. సిస్టరమ్మను అడిగి తెల్ల పొడి తెచ్చి చల్లింది. ఎందుకని ఆమె అడిగితే, "జరంత కందింది సిస్టరమ్మా" అని చెప్పింది. కొన్నాళ్ళకు అందులో గుంట పడింది. బాపుకు అక్కడ స్పర్శ లేదు గనుక ఏమీ తెలియదు. వీపు కాబట్టి కనిపించదు. అవ్వ చెప్పదు. కడిగేటప్పుడు బాపు, "ఏందే గంతసేపు" అంటే, "చెమటకాయలు లేసినయ్" అనేది. పొద్దున కడిగేటప్పుడు నేను బాపు భుజాలు పట్టుకుని పక్కకు తిప్పి ఉంచేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. అది రోజురోజుకూ పెద్దదవుతోంది. కడిగి, పొడి చల్లి, మెత్తని గుడ్డ పెట్టి, దాని మీద ఉతికిన పంచె కట్టేది అవ్వ. పై నుంచి చూస్తే ఏమీ లేదు. మా మంచం దగ్గర వాసన రాకుండా సాంబ్రాణి కూడా వేసేది.

మా పక్క మంచం మీద ఉన్నది గోదావరి అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక పడుచువాడు. అతని పెళ్ళాం నా ఈడుదే. దానికి ఓపిక లేదు, శుభ్రం లేదు, నోరు మాత్రం ఉంది. మొగుణ్ణి సరిగ్గా తిప్పేది కాదు. ఆయాలు పలకకపోతే షెడ్డు అదిరేటట్టు అరిచేది. "నేను జూస్త అని రాలే, మీరు జూస్తరని తీసుకొచ్చిన. మీ పని మీరు జెయ్యిండ్రి" అనేది. డాక్టరు తలుపు దగ్గర నిలబడి అంతా బాగేనా అంటే, లోపలి నుంచి ఇదొక్కతే "ఏం బాగలేదు" అని కేకేసేది. అందరం దాన్ని తిట్టుకునేవాళ్ళం. అవ్వ అయితే, "ఆడిదానికి గింత నోరేందే" అని నా చెవిలో అనేది. దాని మొగుడి వీపు నిండా పుండ్లు. వాసనకు మేము మా మంచం కాస్త ఇటు జరుపుకున్నాం.

ఒకనాడు సిస్టరమ్మ అందరినీ పోగుచేసి చెప్పింది. హైదరాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరు వస్తున్నాడు. ఇక్కడివాళ్ళను చూసి, ఇద్దరిని ఏరి, అక్కడి పెద్ద దవాఖానకు తీసుకుపోతాడు. ఆపరేషను ఉంటుంది, మంచి మందులుంటాయి, కూర్చోబెట్టి బండి మీద తిరగడం కూడా నేర్పుతారట. ఎవరిని ఏరుతాడని అడిగితే, "నాకేం తెలుసమ్మా, ఆయన చూసి చెబుతాడు" అంది. నిజంగానే ఆమెకు తెలియదు. తెలిసి చెప్పకపోతే అది వేరే పాపం.

ఆ సాయంత్రం బాపు మొహం నేను మర్చిపోలేను. దెబ్బ తగిలిన తర్వాత మొదటిసారి మనిషిలో కదలిక వచ్చింది. కూర్చుంటాననే మాట ఆయనకు చాలు. నడవడం ఎప్పుడో వదిలేసుకున్నాడు. కూర్చుని, ఇంటి ముందర నలుగురితో మాట్లాడితే చాలని అంతకుముందు కూడా అనేవాడు. అవ్వను, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఏరుకుంటరంటే ఎట్ల ఏరుకుంటరో నాకెరుకే. గట్టిగున్నోన్ని తీసుకుంటరు. మురిగినోన్ని ఎవడు తీసుకుంటడు?" అన్నాడు.

ఆయనకు ఆ సంగతి తెలుసనే మేమూ అనుకున్నాం. ఎందుకంటే ఆయన బాయిలో చేరింది అట్లాగే. అరవైల్లో కమాన్‌పూర్ దగ్గరి మా పల్లె నుంచి మగవాళ్ళు గుంపులుగా పోయి వరసలో నిలబడేవారు. అంగీలు విప్పించి, రొమ్ము కొట్టి చూసి, బరువు ఎత్తించి, గట్టివాళ్ళను ఒక పక్కకు, మిగతావాళ్ళను ఇంటికి పంపేవారు. దగ్గొచ్చినా, ఒంటి మీద పుండు కనిపించినా ఆ ఏటికి పని లేనట్టే. అప్పుడు బాపు కాలికి నారికురుపు, తోలు చీల్చుకుని నారలాంటి పురుగు బయటికొచ్చే పుండు, ఉండింది. మా పల్లె బావి నీళ్ళు తాగిన ప్రతివాడికీ ఒకసారి అది లేచేది. బాపు ఏం చేశాడంటే, పొలంలో దిగి రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా బురద పట్టించుకుని, ఎండబెట్టుకుని, నాగలి వదిలి నేరుగా వచ్చినవాడిలా పోయి నిలబడ్డాడు. డాక్టరు ఆ బురద కాళ్ళు చూసి కష్టజీవి అని మెచ్చుకుని తీసుకున్నాడట. ఈ కథ మా ఇంట్లో పండగకూ పబ్బానికీ చెప్పుకునేవాళ్ళం. మా బాయి బతుకంతా ఆ బురద పుణ్యమే అని బాపు నవ్వేవాడు. ఆయన ఒక్కడే కాదు, ఆ కాలంలో పనిలో చేరినవాళ్ళలో సగంమంది ఏదో ఒకటి దాచిపెట్టి చేరినవాళ్ళే. డాక్టరు ముందర రోగం చెప్పుకోవడం మావాళ్ళకు తెలియని విద్య. డాక్టరంటే ఇంటికి పంపేవాడు.

అందుకని మా మంచం దగ్గర పెళ్ళిచూపుల సంబరం మొదలైంది. అవ్వ బసంత్‌నగర్ నుంచి నా పెళ్ళికి పెట్టిన కొత్త దుప్పటి తెప్పించింది. బాపుకు క్షవరం చేయించింది. చేతులకూ రొమ్ముకూ నూనె పట్టించింది. బాపు పడుకున్నచోటే చేతులు పైకీ కిందికీ ఎత్తుతూ కసరత్తు చేశాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒకసారి అవ్వతో పొయ్యి దగ్గర అన్నాను, "పుండు సంగతేందే?" అని. అవ్వ పుల్లలు ఎగదోస్తూ, "హైదరాబాద్ పోయినంక వాళ్ళే జూస్తరు. ముందుగాల ఎక్కనియ్యి" అంది. నాకూ అది సబబుగానే తోచింది.

పెద్ద డాక్టరు వచ్చిన రోజు షెడ్డంతా సున్నం కొట్టి, ఆయాలు కొత్త చీరలు కట్టి, మా డాక్టరుగారు తలుపు దాటి లోపలికి కూడా వచ్చి, పండగలా ఉంది. పెద్ద డాక్టరు సన్నగా, అలిసిపోయిన మనిషి. వెంట ఇంకో చిన్న డాక్టరు. మా మంచం దగ్గరికి రాగానే సిస్టరమ్మ ముందుకొచ్చి, "మా దగ్గర బాగా చూసుకునే కుటుంబం సార్ వీళ్ళది" అంది.

ఆయన బాపు చెయ్యి పట్టుకుని, "ఎట్లా ఉంది?" అని అడిగాడు.

"మంచిగున్న సార్. బలం మంచిగున్నది, జూడుండ్రి" అని బాపు ఆయన చెయ్యి ఎంత గట్టిగా నొక్కాడంటే, ఆయన నవ్వి చెయ్యి విడిపించుకున్నాడు.

"వీపు మీద పుండ్లేమైనా ఉన్నాయా?"

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ తల వంచుకునే, "లేవు సార్. ఒక్కటి సుత లేదు" అంది.

ఆయన కొత్త దుప్పటి చూశాడు, దువ్విన తల చూశాడు. "శభాష్ అమ్మా. ఇట్లాగే చూసుకోండి" అన్నాడు. అంతే. దుప్పటి ఎత్తలేదు. మనిషిని పక్కకు తిప్పలేదు. అంత దూరం నుంచి, అంత చదువు చదువుకుని వచ్చిన మనిషి, ఒక్క చెయ్యి వేసి తిప్పితే అయిపోయేది. అవ్వ అబద్ధం చెప్పింది, ఒప్పుకుంటాను. చూడాల్సినవాళ్ళు చూడకుండా అడిగి తెలుసుకుంటే మాలాంటివాళ్ళు చెప్పే జవాబు అదే.

పక్క మంచం దగ్గర ఆ పిల్ల అడగకముందే దుప్పటి లాగేసింది. మొగుణ్ణి పక్కకు దొర్లించి, "జూడు సార్, మురిగిపోతుండు నా మొగడు. గీళ్ళు ఒక్కల్లు జూస్తలేరు" అని బిగ్గరగా అంది. వాసన షెడ్డంతా కొట్టింది. సిస్టరమ్మ మొహం మాడిపోయింది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "పాపం, ఆ పిలగాని బతుకు ఇదే ఆగం జేసింది. ఇగ వాన్నెవరు తోలుకపోరు" అని గుసగుసలాడింది. పెద్ద డాక్టరు ఆ మంచం మీదికి వంగి చాలాసేపు చూశాడు. చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తిడుతున్నాడనుకున్నాం.

వాళ్ళు పోయాక బాపు, "చెయ్యి వట్టుకున్నప్పుడే ఎరుకైంది బిడ్డా. నచ్చిన" అన్నాడు. మాకు అనుమానమే లేదు. శభాష్ అన్నాడు కదా. అవ్వ పెట్టె కడిగి ఎండబెట్టి బట్టలు సర్దింది. అవతలి మంచాలవాళ్ళు వచ్చి, హైదరాబాదు పోయినంక మమ్మల్ని మర్చిపోకుండ్రి అన్నారు. బాపు అందరికీ మాటిచ్చాడు. కూర్చోవడం వచ్చాక ఇంటి ముందర అరుగు ఎంత ఎత్తు కట్టించాలో కూడా అవ్వకు చెప్పాడు. ఆ కొన్నాళ్ళు మా బాపు సంతోషంగా ఉన్నాడు. ఆయన చివరి సంతోషం అదే. దాన్ని తలుచుకుంటే నాకు ఓదార్పు కలగదు, ఒళ్ళు మండుతుంది.

వ్యాను వచ్చిన రోజు స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరు మనుషులు నేరుగా వచ్చి పక్క మంచం దగ్గర ఆగారు. అవ్వ చేతిలో పెట్టె ఉంది.

"అన్నా, మంచం తప్పినవ్. ఇటు, ఇటు" అంది.

ఆ మనిషి అవ్వ వైపు చూసి, "తప్పలేదమ్మా. ఈయన్నే ఎక్కియ్యమన్నరు" అన్నాడు. ఏరిన ఇద్దరిలో రెండో రోగి అవతలి షెడ్డులో ఒళ్ళంతా జ్వరంతో మూలుగుతున్న ఒక ముసలాయన. ఇద్దరినీ ఎక్కిస్తుంటే ఆ పిల్ల మూట నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ వెనకే నడిచింది. మా మంచం దాటేటప్పుడు అవ్వతో, "పోయొస్త అక్క" అంది.

సిస్టరమ్మ అవ్వ భుజం మీద చెయ్యి వేసింది. "పుండ్లు మానని వాళ్ళకే అక్కడ ఆపరేషనట అమ్మా, నాకూ ఇప్పుడే తెలిసింది. పుండ్లు ముదిరితే మనిషి దక్కడు, అందుకని వాళ్ళను ముందు తీసుకుపోయాడు. మీ ఆయనకేం, నువ్వు బాగా చూసుకున్నావు కనుక అవసరం రాలేదు. సంతోషించాలి" అంది.

అవ్వ పెట్టె కింద పెట్టింది. నన్ను రమ్మని కళ్ళతో సైగ చేసింది. ఇద్దరం కలిసి బాపును పక్కకు తిప్పాం. అవ్వ పంచె విప్పి గుడ్డ తీసింది. సిస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల ఎముక కనిపిస్తోంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది ఆమె.

"నువ్వెందుకు చూడలే సిస్టరమ్మా?" అన్నాను నేను. ఆ నర్సింగ్ హోములో నేను గట్టిగా అన్న మాట అదొక్కటే. అనాల్సిన సమయం దాటిపోయాక అన్నాను.

గోడవైపు తిరిగి ఉన్న బాపు, "ఏందే? ఏం జూస్తున్నరు అందరు?" అని అడుగుతున్నాడు. సిస్టరమ్మ వ్యాను దగ్గరికి పరిగెత్తింది. ఆమె చెప్పులు ఊడిపోతే అట్లాగే ఒట్టికాళ్ళతో పరిగెత్తింది, అది నేను చూశాను. డ్రైవరు ఇద్దరికే చోటన్నాడు. పెద్ద డాక్టరు చెప్పనిదే మూడో మనిషిని అక్కడ దించనివ్వరన్నాడు. వ్యాను పోయింది. ఆమె తిరిగొచ్చి, "ఆయన మళ్ళీ వచ్చేటప్పుడు మొదట మీదే" అంది. ఎప్పుడొస్తాడని అడిగితే, ఊడిన చెప్పుల కోసం బయటికి పోయింది.

ఆ రోజు బాపుకు చెప్పక తప్పలేదు. "ఎంతుంటదే?" అని అవ్వను అడిగాడు. అవ్వ రెండు వేళ్ళు కలిపి చిన్నగా చూపింది. నా వైపు చూశాడు. నేనూ అంతే చూపాను. ఆయన నమ్మలేదు. కప్పు రేకుల వైపు చూస్తూ, "అప్పటి డాక్టరును మోసం జేసి పనిల జేరిన. ఈయనను సుత జేసిన" అన్నాడు. ఆ తర్వాత అరుగు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పటినుంచి సిస్టరమ్మ రోజూ వచ్చేది. తనే కడిగేది, తనే కట్టు కట్టేది. మొదటినుంచీ అట్లా వచ్చి ఉంటే అని నేను మనసులో తిట్టుకుంటూనే నీళ్ళు అందించేదాన్ని. ఆయాలు కూడా అడగకుండా దుప్పటి మార్చారు. చావబోయేవాడికి అక్కడ మర్యాద బాగానే జరిగేది. డాక్టరు తలుపు దగ్గర నిలబడి అంతా బాగేనా అన్నప్పుడు మా షెడ్డులో ఎవరూ బదులు పలకలేదు. పలికేది వెళ్ళిపోయింది కదా. వానలు పడ్డాయి. దారులు తెగాయి. హైదరాబాదు డాక్టరు రాలేదు. బాపుకు వణుకుతో జ్వరం పట్టుకుని వదల్లేదు. సూదులు వేశారు, పని చేయలేదు. ఒంటి మీద తెలివి ఉన్న పైసగం కూడా నెమ్మదిగా చల్లబడింది. పొద్దుగూకే వేళకు పోయాడు.

ఆ పిల్ల మొగుడు బతికాడు. కొన్నేళ్ళకు ఒకసారి బస్సులో పోతూ చూశాను, ఖని బస్టాండు దగ్గర మూడు చక్రాల బండిలో నిటారుగా కూర్చుని బీడీలు అమ్ముతున్నాడు. అది పక్కనే నిలబడి ఎవరితోనో పోట్లాడుతోంది. వాళ్ళ మీద నాకు అసూయ లేదని చెబితే అబద్ధమవుతుంది. దాని నోరు మా అవ్వకు ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

బాపును ఖనిలోని మా ఇంటికి తెచ్చాం. మా మేనత్త, బాపు పెద్దక్క, పల్లె నుంచి వచ్చింది. తల్లి లేని బాపును ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె మోకాళ్ళ నొప్పులతో నర్సింగ్ హోముకు ఎప్పుడూ రాలేకపోయింది. వచ్చిపోయేవాళ్ళు మాత్రం, మీ మరదలు కంటికి రెప్పలా చూసుకుంటుంది అని ఆమెకు చెప్పేవారట. వాకిట్లో చుట్టూ చీరలు అడ్డం కట్టి శవానికి నీళ్ళు పోస్తున్నారు. ముందువైపు అయ్యాక పక్కకు తిప్పారు. అవ్వ ఆపబోయింది గానీ అప్పటికే అత్త వీపు మీది గుడ్డ తీసేసింది.

అందరూ చూశారు. ఎవరో వెనక్కి జరిగారు. అత్త అవ్వ వైపు తిరిగింది.

"గింత పుండు వెట్టుకొని మనిషి పండుకుంటే, గక్కడ ఒక్క డాక్టరన్న అడుగలేదానే?"

అవ్వ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"అడిగిండు వదినె" అంది. "హైదరాబాద్ సార్ అడిగిండు. పుండ్లున్నయా అని నన్నే అడిగిండు. లేవన్న."

అత్త కింద పెట్టిన చెంబు తను అందుకుని, నీళ్ళు ముంచి, ఆ చోట పోయడం మొదలుపెట్టింది.